ఆరా పాచిస్ మీది తల్లి టెల్లస్సేనా?

శిలాక్షరి: రోమ్‌లోని ఆరా పాచిస్ శాంతి దేవత పాక్స్‌కు కట్టిన బలిపీఠం. రోమన్ చక్రవర్తి అగస్టస్ స్పెయిన్, గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) నుంచి తిరిగొచ్చాక క్రీ.పూ. 13లో సెనేట్ తీర్మానించింది, క్రీ.పూ. 9లో ప్రతిష్ఠ జరిగింది. దాని తూర్పు గోడ మీద ఒక స్త్రీ కూర్చుని ఉంటుంది. ఒడిలో ఇద్దరు పసివాళ్లు, పండ్లు. పక్కన ధాన్యపు కంకులు, గసగసాల కాయలు. కాళ్ల దగ్గర ఒక పశువు, ఒక గొర్రె. దీన్ని చాలామంది రోమన్ల భూదేవి పేరుతో 'టెల్లస్ ఫలకం' అంటారు. కానీ ఆ రాతి మీద ఏ పేరూ చెక్కలేదు. ఈ పేరు మానేయాలని నా వాదన.

నాగేటిచాలు: నేను ఒప్పుకోనండి. బలిపీఠానికి కొద్ది ఏళ్ల ముందు, క్రీ.పూ. 17లో, శతాబ్ది ఉత్సవాలు జరిగాయి. అందులో ఒక రాత్రి అగస్టస్ స్వయంగా టెర్రా మాతర్‌కు, అంటే ఈ భూమాతకే, చూడి పందిని బలిచ్చాడు. ఆ ఉత్సవానికే కవి హొరేస్ రాసిన గీతంలో పంటలూ పశువులూ సమృద్ధిగా ఇచ్చే టెల్లస్, ధాన్య దేవత సెరిస్‌కు కంకుల కిరీటం పెట్టాలని వేడుకుంటారు. ఆ గీతం చదివి ఈ ఫలకం చూడండి. పంట, పశువు, బిడ్డలు, అన్నీ ఉన్నాయి కదా! ఏటా ఏప్రిల్ 15న ఫోర్డిసిడియా పండుగలో రోమన్లు ఆమెకు చూడి ఆవుల్ని బలిచ్చేవాళ్లు. గర్భం, పంట ఒకటేనన్న నమ్మకం అది. ఈ ఫలకం నిండా ఉన్నదీ అదే.

శిలాక్షరి: మీరు చెప్పినవన్నీ నిజమే. అయితే అగస్టస్ టెల్లస్‌ను కొలిచాడని తేలుతుంది తప్ప, ఈమే ఆమె అని తేలదు. కంకులు, గసగసాలు సెరిస్ గుర్తులు. పసిపిల్లల్ని చూసి ప్రేమ దేవత వీనస్ అన్నవాళ్లున్నారు, ఇటలీ దేశమే అన్నవాళ్లున్నారు. నాకైతే పాక్స్ అనిపిస్తుంది. అదే వైపున్న మరో ఫలకంలో రోమ్ నగరానికి రూపమైన రోమా దేవత ఆయుధాల కుప్ప మీద కూర్చుంటుంది. యుద్ధం గెలిచినామె పక్కన శాంతి ఉండడమే అర్థవంతం, పైగా బలిపీఠం ఆమెదే.

ఖనిజం: పేరు వాడడమే తప్పన్నట్టు మాట్లాడకండి. రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ 1789లో ఒక మూలకాన్ని యురేనస్ గ్రహం పేరుతో యురేనియం అన్నాడు, 1798లో మరోదాన్ని భూమి పేరైన టెల్లస్‌తో టెల్లూరియం అన్నాడు. ఇప్పుడు కాడ్మియం టెల్లురైడ్ సోలార్ ప్యానెళ్లలో ఆ పేరు రోజూ వింటున్నాం. ఎవరికేం నష్టం?

శిలాక్షరి: అక్కడ నష్టం లేదండి, అది కొత్త వస్తువుకు పెట్టిన పేరు. ఇక్కడ రెండు వేల ఏళ్ల నాటి శిల్పి మనసులో ఎవరున్నారో మనం తేల్చేస్తున్నాం. పుస్తకంలో 'టెల్లస్' అని చూసిన విద్యార్థి కంకుల్నీ గసగసాల్నీ ఇక పట్టించుకోడు. నా బాధ అదే.

నాగేటిచాలు: పేరు పక్కన ప్రశ్నార్థకం పెడదామంటే సరే. మొత్తం తీసేద్దామంటే మాత్రం కుదరదు. ఇప్పటిదాకా మీరు చెప్పిన దేవతల్లో పంటనూ పశువునూ కలిపి ఇచ్చేదని ఆ కాలపు గీతమే చెప్పినది టెల్లస్ ఒక్కదాన్నే.