అటాచ్‌మెంట్ తెరిచినవారిదే బాధ్యతా?

వేగుచుక్క: మా కార్యాలయంలో ఒక సూచనాపత్రం పంచారు. "తెలియనివారి నుంచి వచ్చిన అటాచ్‌మెంట్లను తెరవరాదు, తెరిచి నష్టం జరిగితే బాధ్యత తెరిచినవారిదే" అని అందులో ఉంది. దీనితో వైరస్‌లు ఆగుతాయా? సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

పాతకాపు: సరైన సూచనే. ఎవరో ఒకరు నొక్కనిదే అటాచ్‌మెంట్‌లోని వైరస్ సాధారణంగా పని మొదలుపెట్టదు. 2000 మే నెలలో ఐలవ్‌యూ అనే మెయిల్ వైరస్ అంతగా పాకిందంటే, ప్రేమలేఖ అనుకొని జనం దానిని తెరవడమే కారణం.

మాగాణి: ఆ ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. ఒకరి కంప్యూటర్‌లో చేరగానే అది వారి మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్‌లోని చిరునామాలన్నింటికీ వెళ్లింది కనుక, అందుకున్నవారికి పరిచయస్తుల పేరుతోనే కనిపించింది. 1999లో మెలిస్సా అనే వైరస్ కూడా ఇలాగే మొదటి 50 చిరునామాలకు వెళ్లింది. పైగా ఐలవ్‌యూ ఫైలు పేరు చివర ‘.టీఎక్స్‌టీ.వీబీఎస్’ అని ఉండగా, అది ప్రోగ్రామ్ అని తెలిపే చివరి భాగాన్ని (‘.వీబీఎస్’) విండోస్ దాచడంతో అది మామూలు టెక్స్ట్ ఫైలులా కనిపించింది.

పాతకాపు: ఆ చివరి భాగం కనిపించేలా మార్చుకోవడం అర నిమిషం పని. అది కూడా చేసుకోకపోతే ఎలా?

చిరుగాలి: మా కంప్యూటర్లలో ఆ అమరిక మార్చే అనుమతి ఉద్యోగులకు లేదు.

పాతకాపు: అడిగితే ఇస్తారు. నేను చెప్పేది దాని గురించే.

మాగాణి: నేను లెక్కల విభాగంలో పనిచేస్తాను, రోజుకు యాభై అరవై బిల్లులు తెరవడమే నా ఉద్యోగం. ఒకనాడు నేను పంపిన మెయిలుకే జవాబు వచ్చింది. నేను రాసిన వాక్యాలు కిందనే ఉన్నాయి. జిప్ ఫైలు, దాని పాస్‌వర్డ్ కూడా అందులోనే ఉన్నాయి. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపల ఏముందో వైరస్‌లను వెతికే స్కానర్ చూడలేకపోయింది. లోపలి వర్డ్ పత్రం పైన పసుపు పట్టీ, అందులో ‘ఎనేబుల్ కంటెంట్’ బటన్. నొక్కాను. తరువాత సమావేశంలో అందరి ముందూ నా పేరు చదివారు. మెయిళ్ల ద్వారా వైరస్‌లు పంపే ఎమోటెట్ ముఠా వాడిన పద్ధతి ఇదేనని ఆ తరువాత తెలుసుకున్నాను.

పాతకాపు: తాళం వేసి, తాళంచెవిని దాని పక్కనే పెట్టి పంపితే అనుమానం రావద్దా? ఒక్క ఫోన్ చేసి అడగవలసింది. తప్పు మీదే.

మాగాణి: ప్రతి బిల్లుకూ ఫోన్ చేస్తే సాయంత్రానికి నాలుగు బిల్లులు కూడా పూర్తికావు. మైక్రోసాఫ్ట్ 2022లో ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ పత్రాలలో మాక్రోలను, అంటే ‘ఎనేబుల్ కంటెంట్’ నొక్కితే నడిచే చిన్న ప్రోగ్రాములను, ముందుగానే అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఆ పట్టీని నమ్మాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఒక్కో ఉద్యోగికి వదిలేయడం సరికాదని వారికే తోచింది. మీకు తోచడం లేదు.

పాతకాపు: మీవంటివారు నొక్కిన తరువాత మూడు రాత్రులు కూర్చొని బ్యాకప్‌ల నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చినవాణ్ణి నేను. నొక్కినందుకు కాదు నా కోపం. నొక్కినవారు రెండు రోజులు నోరు విప్పలేదు. వెంటనే చెప్పి ఉంటే ఒక్క కంప్యూటర్‌తో పోయేది.

మాగాణి: నేనూ మరునాటి మధ్యాహ్నం దాకా చెప్పలేదు. "బాధ్యత తెరిచినవారిదే" అన్న వాక్యం మా గోడ మీద కూడా ఉంది. అది చదివినవారు ఎలా చెబుతారు?

వేగుచుక్క: అయితే ఆ వాక్యం తీసివేసి, "పొరపాటున తెరిస్తే వెంటనే నెట్‌వర్క్ తీగ ఊడదీసి, వైఫై ఆపి, కంప్యూటర్ విభాగానికి ఫోన్ చేయండి" అని చేర్చమని అడుగుతాను.

పాతకాపు: చేర్చండి. పాత వాక్యం తీసివేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.

మాగాణి: రెండూ ఒకే కాగితం మీద ఉంటే, జనం మొదటిదే చదువుతారు.