ఐత్ బెన్ హద్దూలో రాత్రి ఉండాలా, దారిలో చూసి వెళ్లిపోవచ్చా?

ప్రశ్న:
డిసెంబర్‌లో అమ్మానాన్నలతో మొరాకో వెళ్తున్నాం. మర్రకేష్ నుంచి మెర్జూగా ఇసుక తిన్నెల దాకా వెళ్లే టూర్ ఒకటి చూశాను, దారిలో ఐత్ బెన్ హద్దూ దగ్గర ఒక గంట ఆపుతారట. నాకు ఇసుక కంటే ఆ మట్టికోట ఊరు చూడాలనే ఎక్కువ ఉంది. గంట సరిపోతుందా? నాన్నకు మోకాళ్ల నొప్పులు, పైదాకా ఎక్కగలరా? టికెట్ ఉందా? ఇద్దరూ శాకాహారులు, ఆ టెన్షన్ ఒకటి.

జవాబు 1:
గంట చాలదండి. వాగు మీద వంతెన దాటి ఊళ్లోకి వెళ్లి రావడానికే సగం అయిపోతుంది, పైగా ఆ టూర్ బస్సులన్నీ మధ్యాహ్నం ఒకేసారి దిగుతాయి, సందుల్లో నడవడానికి చోటుండదు. రాత్రి అక్కడే ఉండండి. ఊరివాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు వాగుకి ఇవతల కొత్త ఊళ్లో ఉంటున్నారు, బస కూడా ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక, మళ్లీ పొద్దున్నే అవి రాకముందు చూడండి, అప్పుడే అది ఊరులా ఉంటుంది. ఊళ్లోకి టికెట్ లేదు, కొన్ని ఇళ్లవాళ్లు లోపల చూపించి కొద్దిగా డబ్బు అడుగుతారు. ఇవ్వండి, న్యాయమే.

జవాబు 2:
నేను పూర్తిగా ఒప్పుకోను. పెద్దవాళ్లతో అయితే మర్రకేష్ నుంచి తీజీ న్ టిష్కా కనుమ మీదుగా దాదాపు 4 గంటల ప్రయాణం, 2,260 మీటర్ల ఎత్తు, మలుపులే మలుపులు. వాంతుల మాత్ర దగ్గర పెట్టుకోండి. బస మాత్రం దగ్గర్లోని వర్జాజాత్ పట్నంలో తీసుకోవచ్చు, ఐత్ బెన్ హద్దూ నుంచి 30 కిలోమీటర్లే, హీటర్ ఉన్న హోటళ్లు దొరుకుతాయి. డిసెంబర్ రాత్రులు గడ్డకట్టే చలి, ఎడారి కదా అని పల్చటి బట్టలతో వెళ్లకండి.

జవాబు 3:
మోకాళ్ల సంగతి: దారంతా మెట్లూ ఎగుడుదిగుడు రాళ్లూ. కొండ కొసన ఊరుమ్మడి ధాన్యపు కోట ఉంది, అక్కడిదాకా నాన్నగారిని ఎక్కించకండి. కింది సందుల్లో కూర్చోబెట్టి మీరు వెళ్లి రండి, ఆయనకు అక్కడే చూడటానికి బోలెడుంది.

గోడలను దగ్గరగా చూడమనండి. రెండు చెక్క పలకల మధ్య తడిమట్టి పోసి దిమ్మిసతో కొట్టి, పలకలు పైకి జరుపుతూ కట్టిన గోడలవి. బురుజుల పైభాగం మాత్రం పచ్చి ఇటుక, ఆ నగిషీ అంతా అక్కడే. కప్పు దూలాల మీద రెల్లు పరిచి మట్టి వేస్తారు, మన అనంతపురం మిద్దె ఇళ్ల పద్ధతికి చాలా దగ్గర. వాటిలాగే ఏటా పూత పెట్టకపోతే వానకి కరిగిపోతుంది. ఇప్పుడున్న కట్టడాలు 17వ శతాబ్దానికి ముందువి కావంటారు, కానీ ఆ చోటు సహారా దాటి మర్రకేష్ వెళ్లే ఒంటెల బిడారుల దారి మీదుంది, ఊళ్లో బిడారులు దిగే సత్రం, మసీదు, ఒక పక్క ముస్లింల శ్మశానం, ఇంకో పక్క యూదుల శ్మశానం ఉన్నాయి. 1987లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. గైడ్లు ఎక్కువగా సినిమా షూటింగుల గురించే చెప్తారు, మీరు అడిగి మరీ ఇవన్నీ చెప్పించుకోండి. 2023 సెప్టెంబర్ భూకంపంలో కొన్ని గోడలు దెబ్బతిన్నాయి, తాడు కట్టినచోట దాటి వెళ్లొద్దు, గోడలెక్కి ఫోటోలు అసలొద్దు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండి. టూర్ వదిలేసి కారు మాట్లాడుకుంటాం. భోజనం సంగతి ఎవరైనా చెప్పండి.

జవాబు 1:
కూరగాయల తజీన్ (మూతున్న మట్టిపాత్రలో సన్న మంట మీద ఉడికించే కూర), కూస్‌కూస్ (ఆవిరి మీద ఉడికించిన గోధుమరవ్వ) దాదాపు ప్రతిచోటా దొరుకుతాయి. కాకపోతే మాంసం ఉడికించిన నీళ్లు పోసే అలవాటుంది, కాబట్టి వండకముందే "మాంసం రసం కూడా వద్దు" అని చెప్పాలి. బస చేసేచోట మధ్యాహ్నమే చెప్పి ఉంచితే విడిగా చేసి పెడతారు. పచ్చళ్లు, కారప్పొడి ఎలాగూ తీసుకెళ్తారు కదా.