బాత్రూమ్ గోడ మీద నడిచే గుమ్మడి గింజ: ఇదేం పురుగు?

కాకినాడ_కమల:
మాది గ్రౌండ్ ఫ్లోర్. బాత్రూమ్ గోడ మీదా, మంచం వెనకాలా బూడిద రంగులో పలచగా, గుమ్మడి గింజంత ఉన్నవేవో అతుక్కుని ఉంటున్నాయి. సిమెంట్ పెళ్లలేమో అనుకుని ఇన్నాళ్లూ చీపురుతో తోసేశాను. నిన్న మా బాబు పిలిచి చూపించాడు, అది నడుస్తోంది! ఒక చివర నుంచి చిన్న తల బయటికొచ్చి గింజ మొత్తాన్నీ ఈడ్చుకుపోతోంది. వేలితో తాకితే లోపలికి పోయి, కాసేపటికి రెండో చివర నుంచి తల పెట్టింది. దీనికి రెండు తలలా? చెదలేమోనని టెన్షన్‌గా ఉంది.

గోడమీదపిల్లి:
చెదలు కాదండీ. మా ఇంట్లోనూ బోలెడు. మేం గింజ పురుగు అని పిలుచుకుంటాం. అవి సిమెంట్ తినేస్తాయట, గోడ గుల్లవుతుందని మా ఓనరు గారు చెప్పారు.

బూజుకర్ర:
ఓనరు గారి మాట నమ్మకండి. ఇది ఒక చిన్న చిమ్మట పిల్ల, అంటే లార్వా దశ. ఇళ్లలో కనిపించే ఈ రకాలు ఫెరియోకా అనే ప్రజాతివి, బట్టలు కొరికే చిమ్మటల కుటుంబం. తల ఒక్కటే. మీకు గింజలా కనిపించేది అది కట్టుకున్న గూడు. అది రెండు వైపులా తెరిచే ఉంటుంది, పురుగు లోపలే వెనక్కి తిరిగి అటు నుంచి వస్తుంది. తల ముదురు గోధుమ రంగు, ఒళ్లు తెలుపు. గూడు లోపలంతా పట్టు పోగే. పైన అంటించేది ఇసుక, దుమ్ము, పెయింట్ పొడి, దారప్పీచు. సిమెంట్ రేణువులు ఇంటి కోసమే, తిండికి కాదు!

తినేది సాలెగూళ్ల పాత బూజు, చచ్చిన పురుగులు, రాలిన వెంట్రుకలు, చుండ్రు. కొన్నిసార్లు పాత గూళ్లనూ తినేస్తుంది. బాత్రూమ్‌లోనే ఎక్కువ ఎందుకంటే తేమ లేకపోతే ఇది బతకలేదు.

తణుకు_తాతయ్య:
మా దేవుడి గదిలో దొరికిన దాని మీద ఎర్రటి చుక్కలున్నాయి. కొత్త రకమేమో అని భూతద్దం పెట్టి చూశాను. చివరికి అది కుంకుమ.

హన్మకొండ_స్వాతి:
బూజుకర్ర గారూ, బీరువాలో చీరల సంగతేంటి? నా గుండె అక్కడే కొట్టుకుంటోంది.

బూజుకర్ర:
1979లో పనామాలో అనెట్ ఐయెల్లో అనే పరిశోధకురాలు వీటిని పెంచి, దశలన్నీ గమనించి రాశారు. వేరే పరిశోధకులు నూలు గుడ్డ పెడితే ఇవి తినలేదు. ఉన్ని తింటాయి. కాబట్టి నూలు చీరలకు భయం లేదు, శాలువాలూ స్వెటర్లూ మాత్రం దులిపి పెట్టుకోండి. ఇదే కుటుంబంలో గూడు కట్టుకునే బట్టల చిమ్మట ఇంకొకటి ఉంది. దాని గూడు గొట్టంలా ఉంటుంది, గింజలా కాదు. అది ఉన్నికి నిజంగానే శత్రువు.

ఫ్లోరిడా_పద్మ:
మాకిక్కడా ఇవే! ఇక్కడి వాళ్లు ప్లాస్టర్ బ్యాగ్‌వర్మ్ అంటారు. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నామేమో అని మా ఆయన నన్ను అనుమానించాడు. ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నవేనట.

నెల్లూరు_శీను:
నేను ఒకదాన్ని సీసాలో పెంచానండీ, లాక్‌డౌన్‌లో పనేం లేక. మూతకు చిల్లులు పెట్టి, దువ్వెన వెంట్రుకలూ కాస్త బూజూ వేసేవాణ్ణి, తడి దూది పక్కన పెట్టేవాణ్ణి. ఎదిగే కొద్దీ గూటిని పెద్దది చేసుకుంటూ పోయింది. కొన్ని వారాలకు సీసా గోడ పైకెక్కి గూటి రెండు కొసల్నీ పట్టుతో అతికించేసింది. ఇక కదల్లేదు. చచ్చిందనుకుని పడెయ్యబోయాను, మా చెల్లి ఆపింది. సరిగ్గా 18వ రోజున సీసాలో చిన్న బూడిద రంగు చిమ్మట! రెక్కల మీద నల్లని మచ్చలు. గూటి ఒక కొస నుంచి ఖాళీ ప్యూపా (పురుగు కదలకుండా ఉండి చిమ్మటగా మారే దశ) తొక్క సగం బయటికి పొడుచుకుని ఉంది.

బూజుకర్ర:
శీను గారి లెక్క సరిపోయింది. ప్యూపా దశ 11 నుంచి 23 రోజులు. అంతకు ముందు లార్వాగా 50 రోజుల దాకా ఉండి, ఆరేడు దశలు దాటుతుంది. గూడు చివరికి 8 నుంచి 14 మిల్లీమీటర్లు అవుతుంది. ప్యూపాగా మారే ముందు ఒక కొసను కాస్త చీల్చి పలచటి తలుపులా చేసుకుంటుంది, చిమ్మట బయటపడే దారి అదే. ఆడది రెక్కలు చాపితే 10 నుంచి 13 మిల్లీమీటర్లు, మగది ఇంకా చిన్నది. ఆడది వారం రోజుల్లో 200 దాకా గుడ్లు పగుళ్లలోనూ చెత్తలోనూ అతికించి చచ్చిపోతుంది. గుడ్డు అర మిల్లీమీటరు కూడా ఉండదు, అందుకే మనకు గూడు కనబడ్డాకే విషయం తెలిసేది.

గోడమీదపిల్లి:
నేను స్ప్రే కొట్టి చూశాను. వారం తర్వాత మళ్లీ అవే.

తణుకు_తాతయ్య:
స్ప్రే దండగ బాబూ. గూడు కప్పుకుని కూర్చున్నదాని మీద మందు ఏం పడుతుంది? సాలెగూళ్లు తీసెయ్యి, మంచం కిందా బీరువా వెనకాలా ఊడ్చు, బాత్రూమ్‌లో గాలి ఆడేలా చూడు. మేం పండక్కి ఒకసారి బూజు దులిపి ఊరుకునేవాళ్లం. ఇప్పుడు నెలకోసారి దులుపుతున్నాం, చాలా తగ్గాయి.

కాకినాడ_కమల:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ మంచం జరిపితే వెనకాల పదిహేడు ఉన్నాయి, లెక్కపెట్టాను. పదహారు ఊడ్చేశాను. ఒకదాన్ని మా వాడు ఊరగాయ సీసాలో వేసుకుని నా దువ్వెన పట్టుకుపోయాడు.