అప్‌డేట్: విద్యుత్ పాఠంలో సిమ్యులేషన్ – 45 నిమిషాల్లో ఇలా సర్దాం

పదో తరగతి విద్యుత్ పాఠంలో వీడియో, సిమ్యులేషన్ (తెరమీద చేసే నమూనా ప్రయోగం), అసలు ప్రయోగం మూడూ ఒకే పీరియడ్‌లో ఎలా పట్టించాలి, నెట్ ఆగిపోతే ఏం చేయాలి అని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

వీడియో తీసేశాం. నెట్ సమస్య తేలిగ్గా తీరింది: ఫెట్ (PhET, ఉచిత సైన్స్ సిమ్యులేషన్ల వెబ్‌సైట్) వారి డీసీ సర్క్యూట్ సిమ్యులేషన్‌ను ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే చాలు. తరగతిలోని ప్యానెల్ (పెద్ద టచ్ తెర) మీద క్రోమ్‌తోనే తెరవండి. కొన్ని ప్యానెళ్లలో హెచ్‌టీఎంఎల్ వ్యూయర్ తెరుచుకుని తెల్ల తెర కనిపిస్తుంది.

అసలు కిటుకు వరుసలో ఉంది. మొదటి 5 నిమిషాలు తెర ఆపేసి, 'రెండో బల్బు శ్రేణిలో కలిపితే మొదటిది ఏమవుతుంది?' అన్నదానికి నోటుబుక్కులో ఊహ రాయించాలి. ముందే తెర చూపిస్తే ఊహించరు, చూసి రాస్తారు. తర్వాత 20 నిమిషాలు ఐదుగురి జట్లతో అసలు బల్బులు, 1.5 వోల్టుల సెల్‌లు రెండు. ఆపైనే సిమ్యులేషన్: 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బు పెడితే 0.9 ఆంపియర్లు; శ్రేణిలో రెండైతే 0.45, సమాంతరంలో మొత్తం 1.8.

ఇక్కడే పిల్లలు తికమకపడతారు. బల్లమీద సమాంతరంలో రెండో బల్బు కలిపితే మొదటిది కొంచెం మసకబారుతుంది, తెరమీద మారదు. అసలు సెల్‌కు అంతర్నిరోధం (సెల్ లోపలే ఉండే నిరోధం) ఉంటుంది, సిమ్యులేషన్‌లో అది మొదట సున్నా. సిమ్యులేషన్‌లో బ్యాటరీ అంతర్నిరోధం స్లైడర్‌ను పెంచి చూపించండి, తేడా కళ్లముందే కనిపిస్తుంది. దీనికి 10 నిమిషాలైనా ఇవ్వాలి.