కోల్డ్ స్టోరేజీకి ఎక్సెల్ మోడల్: బ్యాలెన్స్ షీటు కలవడం లేదు, డీఎస్‌సీఆర్ బ్యాంకు లెక్కతో సరిపోవడం లేదు

గుంటూరు_మోడల్

నమస్కారమండి. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ ప్రాజెక్టు. బ్యాంకుకు ఇవ్వడానికి ఏడాదికో కాలమ్ చొప్పున పీ అండ్ ఎల్, క్యాష్ ఫ్లో, బ్యాలెన్స్ షీటు తయారు చేస్తున్నాను. వివరాలివి:

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. స్థలం 60 లక్షలు, బిల్డింగు 2.40 కోట్లు, మెషినరీ 1.50 కోట్లు. టర్మ్ లోను 3 కోట్లు, వడ్డీ 10 శాతం, ఏడాది మారటోరియం (అసలు కట్టనక్కర్లేని గడువు), ఆ తర్వాత 24 క్వార్టర్లలో తీర్చాలి. సామర్థ్యం 80,000 టిక్కీలు (మిర్చి బస్తాలు), 90 శాతం నిండుతుందని, టిక్కీకి సీజన్ అద్దె 220 రూపాయలని వేసుకున్నాను. తరుగుదల స్ట్రెయిట్ లైన్ (ఏటా సమాన మొత్తం).

మూడు చోట్ల ఆగిపోయాను. ఒకటి, మొదటి ఏడాది (నిర్మాణం) బ్యాలెన్స్ షీటు కలుస్తోంది. రెండో ఏడాది ఆస్తుల వైపు 34.20 లక్షలు తక్కువ, మూడో ఏడాది 68.40 లక్షలు తక్కువ. ప్రస్తుతానికి 'ఇతర ఆస్తులు' అని ఒక లైను పెట్టి సరిచేశాను. రెండు, వడ్డీని సగటు బ్యాలెన్స్ మీద వేస్తే సర్క్యులర్ రిఫరెన్స్ (ఫార్ములా తిరిగి తన మీదే ఆధారపడటం) హెచ్చరిక వస్తోంది. మూడు, నా డీఎస్‌సీఆర్ (అప్పు తీర్చడానికి ఏడాదిలో ఉన్న డబ్బును ఆ ఏడాది కట్టాల్సిన అసలు, వడ్డీలతో భాగిస్తే వచ్చేది) 1.46, బ్యాంకు వాళ్లు వేస్తే 1.25.

మోడలింగ్ పద్ధతిగా నేర్చుకోవాలంటే ఏ వరుసలో వెళ్లాలో కూడా చెప్పగలరు.

బెజవాడ_లెక్కలు

ముందు ఆ 'ఇతర ఆస్తులు' లైను తీసేయండి. అది ఉన్నంతకాలం తప్పు ఎక్కడుందో ఎప్పటికీ దొరకదు. బ్యాలెన్స్ షీటు కింద ఆస్తులు మైనస్ (అప్పులు + మూలధనం, మిగుల్లు) అని ఒక చెక్ వరుస పెట్టి, సున్నా కాకపోతే ఎర్రగా కనిపించేలా కండిషనల్ ఫార్మాటింగ్ ఇవ్వండి.

తప్పు ఎక్కడుందో ఆ తేడాయే చెబుతుంది. ప్రతి ఏడాదీ ఒకే అంకె ఉంటే ఓపెనింగ్ బ్యాలెన్స్‌లో తప్పు, తర్వాతి ఏళ్లకు మోసుకుపోతోంది. ఏటా అంతే మొత్తం పెరుగుతూ పోతే ఏటా జరిగే ఒక లావాదేవీ ఎక్కడో తప్పిపోయింది, లేదా దాని గుర్తు తిరగబడింది. మీది రెండో రకం. గుర్తు తిరగబడితే తేడా రెట్టింపవుతుంది కాబట్టి 34.20ని సగం చేసి చూడండి: 17.10 లక్షలు. ఇప్పుడు మీ తరుగుదల లెక్క కట్టండి. మెషినరీ 1.50 కోట్లలో 5 శాతం మిగులు విలువ తీసి 15 ఏళ్లకు పంచితే 9.50 లక్షలు. బిల్డింగు 2.40 కోట్లకు అదే పద్ధతిలో 30 ఏళ్లకు 7.60 లక్షలు. కలిపితే సరిగ్గా 17.10. అంటే క్యాష్ ఫ్లోలో లాభానికి తరుగుదలను కలపాల్సింది పోయి తీసేశారు. తరుగుదల షీటులో దాన్ని మైనస్‌లో రాసి, క్యాష్ ఫ్లోలో నేరుగా లింక్ చేసినప్పుడు ఎక్కువగా ఇదే జరుగుతుంది. షెడ్యూళ్లలో అన్నీ ప్లస్ అంకెలే ఉంచి, కూడికా తీసివేతా అనేది స్టేట్‌మెంట్‌లో మాత్రమే రాయడం మంచి అలవాటు.

తేడా సగం ఎక్కడా దొరకకపోతే పూర్తి అంకె కోసం వెతకండి. అదైతే ఒక లైను మొత్తమే వదిలేసినట్టు.

సర్క్యులర్ సంగతి. వడ్డీ పెరిగితే క్యాష్ తగ్గుతుంది, క్యాష్ తగ్గితే ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) వాడకం పెరుగుతుంది, ఓడీ పెరిగితే మళ్లీ వడ్డీ. ఎక్సెల్‌లో ఇటరేటివ్ క్యాలిక్యులేషన్ (లెక్కను పదేపదే తిప్పే సెట్టింగు) ఆన్ చేస్తే హెచ్చరిక పోతుంది కానీ నేనైతే వద్దంటాను. ఆ సెట్టింగు ముందు తెరిచిన ఫైలును బట్టి ఉంటుంది. బ్యాంకులో వేరే ఫైలు తెరిచి ఉండగా మీది తెరిస్తే హెచ్చరిక మళ్లీ ప్రత్యక్షమవుతుంది. పైగా ఆ చక్రంలోకి ఒక్కసారి ఎర్రర్ దూరిందంటే, కారణం సరిచేసినా ఎర్రర్ తిరుగుతూనే ఉంటుంది. మోడల్‌ను నెలవారీ చేసి, వడ్డీని నెల ఓపెనింగ్ బ్యాలెన్స్ మీద వేయండి. చక్రమే ఉండదు. నెల లోపల వచ్చే తేడా స్వల్పం.

పట్టాభిపురం_ఆడిట్

డీఎస్‌సీఆర్ తేడా ఎక్కడిదో అంకెలే చూపిస్తున్నాయి. మీరు పీఎంటీ ఫంక్షన్ వాడి ఉంటారు. క్వార్టర్‌కు 2.5 శాతం, 24 కిస్తులు అంటే పీఎంటీ ఇచ్చేది సుమారు 16.77 లక్షలు, ఏడాదికి 67.1 లక్షలు. అది ఈఎంఐ పద్ధతి. ప్రాజెక్టు టర్మ్ లోన్లలో మామూలుగా అసలును సమాన కిస్తులుగా కట్టించుకుని, వడ్డీ విడిగా వసూలు చేస్తారు. ఆ లెక్కన అసలు క్వార్టర్‌కు 12.50 లక్షలు, ఏడాదికి 50 లక్షలు. వడ్డీ మొదటి క్వార్టర్‌లో 7.50 లక్షలు, తర్వాత 7.19, 6.88, 6.56, మొత్తం 28.13 లక్షలు. కట్టాల్సింది 78.13 లక్షలు. మీ నికర లాభం, తరుగుదల, టర్మ్ లోను వడ్డీ కలిపి 98 లక్షలు ఉంటే 67.1తో భాగిస్తే 1.46, 78.13తో భాగిస్తే 1.25. బ్యాంకు లెక్కే సరైనది. తిరిగి చెల్లింపు ఎలా ఉంటుందో బ్యాంకును అడిగి దాని ప్రకారమే షెడ్యూలు వేయండి.

ఇంతకంటే పెద్ద సమస్య అద్దె దగ్గరుంది. మిర్చి ఫిబ్రవరి నుంచి మే దాకా లోపలికి వస్తుంది. లెక్కల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది, అంటే సరిగ్గా లోడింగ్ మధ్యలో. అద్దె డబ్బు చేతికొచ్చేది సరుకు బయటికి తీసేటప్పుడు. 72,000 టిక్కీల్లో ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 40 శాతం వస్తాయనుకుంటే మార్చి ఆఖరుకు 43,200 టిక్కీలు లోపల ఉంటాయి. వాటికి పూర్తి సీజన్ అద్దె ఆ ఏడాదికే రాస్తే 95.04 లక్షల ఆదాయం కనిపిస్తుంది. టిక్కీ సగటున 10 నెలలు ఉంటుందనుకుంటే నెలకు 22 రూపాయలు. ఫిబ్రవరివి 14,400 టిక్కీలకు రెండు నెలలు, మార్చివి 28,800 టిక్కీలకు ఒక నెల: చెరి 6.34 లక్షలు, మొత్తం 12.67 లక్షలే ఆ ఏడాది ఆదాయం. అది కూడా రావాల్సిన బాకీగా ఆస్తుల్లో ఉంటుంది, చేతిలో పైసా ఉండదు. అందుకే నెలవారీ షీటులో మూడు వరుసలు వేరుగా పెట్టండి: వచ్చిన టిక్కీలు, తీసిన టిక్కీలు, నెలాఖరు నిల్వ. ఆదాయం నిల్వ నుంచి, వసూలు తీసిన టిక్కీల నుంచి రావాలి.

పన్నుకు తరుగుదల షెడ్యూలు వేరు. ఆదాయపు పన్ను లెక్కలో మెషినరీకి 15 శాతం, బిల్డింగుకు 10 శాతం, ఏటా తగ్గిన విలువ మీద. ఫిబ్రవరిలో వాడకం మొదలైతే ఆ ఏడాది 180 రోజులు నిండవు కనుక సగం రేటే వస్తుంది. ఇక మారటోరియంలో నిర్మాణ కాలపు వడ్డీ మీ ప్రాజెక్టు ఖర్చులో కనపడలేదు. లోను దశలవారీగా తీసుకుంటే 30 లక్షల కంటే తక్కువే పడుతుంది, కానీ సున్నా మాత్రం కాదు. అది ఖర్చులో చేరితే తరుగుదలా మారుతుంది.

మోడల్_మాస్టారు

నేర్చుకునే వరుస అడిగారు. టెంప్లేట్ దింపుకుని అంకెలు మార్చడం వల్ల ఏమీ రాదండి. ఖాళీ ఫైలులో లోను షెడ్యూలు ఒక్కటీ వేయండి: ఓపెనింగ్, తీసుకున్నది, కట్టినది, క్లోజింగ్. ఈ నాలుగు వరుసల పద్ధతే తరుగుదలకు, బాకీలకు, టిక్కీల నిల్వకు పనికొస్తుంది. అది చేతికి వచ్చాక మిగతావి.

ఇన్‌పుట్లు ఒకే షీటులో, నీలం రంగులో. ఫార్ములా లోపల 220 అని గానీ 10 శాతం అని గానీ టైపు చేయకూడదు. ఒక వరుసలో మొదటి కాలమ్ నుంచి చివరి దాకా ఒకే ఫార్ములా ఉండాలి. ఎవరైనా మధ్యలో అంకె కొట్టేశారేమో చూడాలంటే వరుసను సెలెక్ట్ చేసి గో టు స్పెషల్‌లో రో డిఫరెన్సెస్ నొక్కండి, తేడాగా ఉన్న సెల్ పట్టుబడుతుంది. పెద్ద ఫార్ములాలో ఒక ముక్క విలువ చూడాలంటే ఆ ముక్కనే సెలెక్ట్ చేసి ఎఫ్9, చూశాక తప్పక ఎస్కేప్. ఎంటర్ కొడితే ఫార్ములా పోయి అంకె మిగులుతుంది.

కరెంటు బిల్లును టిక్కీల సంఖ్యతో గుణించకండి. డిమాండ్ ఛార్జీలు, గోడల గుండా వచ్చే వేడిని తీయడం గది సగమే నిండినా ఉంటాయి. బయటి వేడితో వచ్చిన సరుకును చల్లబరచడానికి లోడింగ్ నెలల్లో అదనంగా పడుతుంది. రెండు వరుసలుగా విడదీయండి.

గుంటూరు_మోడల్

తరుగుదల గుర్తు సరిచేశాను, చెక్ వరుస అన్ని ఏళ్లకూ సున్నా. నెలవారీ చేశాక కిస్తులు మొదలైన ఏడాది జూన్‌లో క్యాష్ మైనస్‌లోకి వెళుతోంది. ఇంకో సందేహం: నిండే శాతం, అద్దె మార్చి చూసే డేటా టేబుల్ అన్ని గళ్లలో ఒకే అంకె చూపిస్తోంది.

పట్టాభిపురం_ఆడిట్

ఎక్సెల్ లెక్కింపు 'డేటా టేబుళ్లు తప్ప ఆటోమేటిక్' మీద ఉందేమో చూడండి, ఉంటే ఎఫ్9 నొక్కాలి. టేబుల్ వాడే ఇన్‌పుట్ సెల్ కూడా అదే షీటులో ఉండాలి. వేరే షీటులోని సెల్‌ను ఇస్తే ఎక్సెల్ ఒప్పుకోదు కాబట్టి చాలామంది ఇక్కడ ఒక కాపీ సెల్ పెడతారు. మోడల్ దాన్ని చదవదు, అన్ని గళ్లూ ఒకటే వస్తాయి. టేబుల్‌ను ఇన్‌పుట్ షీటులోకే మార్చండి.

పని చేశాక 75 శాతం గడి చూడండి. 12,000 టిక్కీలు తగ్గితే అద్దె 26.40 లక్షలు తగ్గుతుంది, పన్ను 25.17 శాతం చొప్పున 6.64 లక్షలు మిగులుతుంది. ఖర్చులు అలాగే ఉంటే 98 లక్షలు 78.24కు దిగుతాయి. డీఎస్‌సీఆర్ సరిగ్గా 1.00.

జూన్ సంగతి: ఏప్రిల్ నుంచి జూన్ దాకా 7.50 లక్షల వడ్డీ, 12.50 లక్షల కిస్తు, అంటే 20 లక్షలు పోతాయి. అద్దె వసూళ్లు ఇంకా ఊపందుకోవు. ఆ నెలవారీ షీటునే బ్యాంకుకు చూపించి, సాంక్షన్‌కు ముందే కిస్తులను సెప్టెంబరు, డిసెంబరు క్వార్టర్లలో ఎక్కువగా, జూన్‌లో తక్కువగా పెట్టమని రాతపూర్వకంగా అడగండి. సాంక్షన్ అయ్యాక మార్పించుకోవడం చాలా కష్టం.