సిపాయి ప్యాంటు చిల్లులు పూడ్చాలా, వదిలేయాలా?

పాతపెట్టె:
అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి యూనియన్ (ఉత్తరాది) సిపాయి ఉన్ని ప్యాంటు ఒకటి నా చేతికొచ్చింది. లేత నీలం కెర్సీ గుడ్డ. మోకాలి దగ్గర చిమ్మెట చిల్లులు ఆరు. సస్పెండర్లు (ప్యాంటు జారకుండా భుజాల మీదుగా వేసే పట్టీలు) తగిలించే గుండీలు రెండు లేవు. కుడిపక్క కుట్టు జానెడు ఊడింది. రఫ్ఫు చేయించి గుండీలు కుట్టించనా, ఉన్నదున్నట్టు ఉంచనా?

సూదిమొన:
బాగుచేయించండి. కెర్సీ అంటే దళసరి ట్విల్, ఏటవాలు గీతల నేత. నేశాక తడిపి, మర్దించి గట్టిపరుస్తారు కాబట్టి అంచు తొందరగా పీచు లేవదు. ముందు చచ్చేది దారమే. ఊడిన చోటు వదిలేస్తే గుడ్డ బరువుకి మిగతా కుట్టూ లాగేస్తుంది.

చెయ్యిపెట్టకు:
ఆ కుట్టే కదండీ సాక్ష్యం! ఫిలడెల్ఫియాలో స్కూల్‌కిల్ ఆర్సెనల్ (సైన్యానికి బట్టలు తయారుచేయించే డిపో) వాళ్లు గుడ్డ కత్తిరించి ఇస్తే, ఆడవాళ్లు ఇళ్లకు తీసుకెళ్లి చేత్తో కుట్టేవారు. కాంట్రాక్టర్ల సరుకులో మిషను కుట్టూ కనిపిస్తుంది. మీ ప్యాంటు ఆర్సెనల్‌దో కాంట్రాక్టర్‌దో చెప్పేది ఆ దారమే. దాని మీద కొత్త దారం పడితే ఇక ఏం చూస్తాం? నేనూ ఒకసారి మోసపోయాను. అసలుదని కొన్న ప్యాంటు లైనింగు యూవీ దీపం కింద తెల్లగా మెరిసింది. బట్ట తెల్లగా కనబడాలని కలిపే ఆ మెరుపుమందులు అప్పట్లో ఎక్కడివి? అంటే అది నకలే!

సూదిమొన:
తొందరపడ్డావేమో అన్నా. ఈ మధ్య ఎవరైనా డిటర్జెంటులో ఉతికినా అలాగే మెరుస్తుంది. ఒక్క దీపంతో తీర్పు చెప్పేస్తే ఎలా?

చెయ్యిపెట్టకు:
సరే, అది ఒప్పుకుంటా. కానీ గుండీల సంగతి ఒప్పుకోను. పాతవి ఇనపవి, తగరం పూతవి. తుప్పు పడితే చుట్టూ ఉన్నిని కూడా పాడుచేస్తుంది. అక్కడ మరక ఉంటే అదే గుండీ ఆనవాలు. కొత్తది కుట్టి దాన్ని కప్పేయకండి.

పాతపెట్టె:
తిరగేసి చూశాను. పక్క కుట్టు చేతిదే, గీత అక్కడక్కడా తప్పింది. నల్లదారం గోధుమరంగుకు తిరిగింది. కాలి అంచు మాత్రం వేరే దారంతో లోపలికి మడిచి ఉంది. ఎవరో పొట్టి మనిషికి ఈ ప్యాంటు అందినట్టుంది! ఆ మడత విప్పబుద్ధి కావడం లేదు.

సూదిమొన:
విప్పకండి. ఊడిన చోట లోపల పల్చటి గుడ్డ పెట్టి, పాత రంధ్రాల్లోంచే వదులుగా నాలుగు కుట్లు వేయండి. రేపు తీసేయొచ్చు. ఎక్కడ వేశారో ఫొటో తీసి రాసిపెట్టుకోండి. చిల్లుల కంటే ముందు పురుగు సంగతి చూడండి. ఉన్ని తినేది రెక్కల చిమ్మెట కాదు, దాని పిల్లపురుగు. పాలిథిన్‌లో గాలి పోకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచండి.

పాతపెట్టె:
పక్క కుట్టు ఒక్కటే వేయిస్తా. చిల్లులు, గుండీలు అలాగే ఉంటాయి. ఇక ఫ్రీజర్లో ప్యాంటు ఎందుకుందని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో కూడా మీరే చెప్పండి.