తొలిచూలు పెయ్య రోజులు దాటినా ఈనడం లేదు

కొట్టం కాపలా: రెండు రాత్రులుగా కొట్టంలోనే పడుంటున్నా. తొలిచూలు పెయ్య. సెమెన్ వేయించి ఈరోజుకి 289 రోజులు. ఫోన్ యాప్‌లో లెక్కేస్తే 280 అంది, అది దాటి 9 రోజులు. పొదుగు దిగుతోంది, నొప్పులు మాత్రం లేవు. నేను ఇక్కడ ఛస్తుంటే అది తాపీగా నెమరేస్తోంది. తెలిసినాయన నొప్పుల ఇంజెక్షన్ పొడిపించేయమంటున్నాడు. పొడిపించనా? తొందరగా చెప్పండి.

గడ్డివాము: తేదీ ఖాయమేనా? మధ్యలో మళ్లీ ఎదకొస్తే రెండోసారి వేయించారా?

కొట్టం కాపలా: ఒక్కసారే. నోట్‌బుక్‌లో రాసుకున్నా. మూడో నెలలో డాక్టరు గారు చెయ్యి పెట్టి చూసి చూడి అన్నారు.

నాలుగు చన్లు: అసలు పొరపాటు ఇప్పుడు కాదు, వేయించిన రోజే జరిగుంటుంది. అందరూ వయసు చూసి వేయిస్తారు. చూడాల్సింది బరువు. ఎదిగాక ఎంత తూగుతుందో అందులో 60–65 శాతం వచ్చాకే వేయించాలి. లేకపోతే కటి ఇరుకై దూడ ఇరుక్కుంటుంది. దానికి విరుగుడని చివరి నెలల్లో దాణా కోసేస్తారు కొందరు. కడుపులో దూడ పెద్దగా చిక్కదు, తల్లి మాత్రం నీరసించి ఈనేటప్పుడు ముక్కే శక్తి లేక కూలబడుతుంది, తర్వాత ఎదకీ తొందరగా రాదు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

కొట్టం కాపలా: అన్నా, బరువు సంగతి తర్వాత. ఇంజెక్షన్ పొడిపించనా వద్దా?

పాత గంట: వద్దు.

కొట్టం కాపలా: ఎందుకు వద్దో కూడా చెప్పండి సార్.

పాత గంట: తోక మొదట రెండు పక్కలా వేళ్లతో నొక్కండి. తాడులా బిగువుగా తగులుతోందా, మెత్తగా గుంట పడిందా?

కొట్టం కాపలా: తాడులాగే ఉంది. పొద్దున వెనక నుంచి కొంచెం తీగ కూడా వేసింది, చిక్కగా.

నాలుగు చన్లు: అది తీగ కాదు. తీగ అంటే ఎదలో అద్దంలా మెరుస్తూ సాగేది. చూడి మీద వచ్చేది జిగట.

గడ్డివాము: మేం రెంటినీ తీగే అంటామండీ. చూసి తేడా తెలుసుకుంటాం.

నాలుగు చన్లు: అలా కలిపేయబట్టే చూడి పశువుకి మళ్లీ సెమెన్ వేయించి ఉన్న చూడి పోగొట్టుకుంటారు.

పాత గంట: ఫోటో పెట్టండి.

కొట్టం కాపలా: పెట్టాను. చీకట్లో తీసింది, పొదుగు చూడండి.

గడ్డివాము: అయ్యా, ఇది పడ్డ కదా!

కొట్టం కాపలా: అవును, గేదెదే. పెయ్య అన్నాను కదా.

నాలుగు చన్లు: పెయ్య అంటే ఆవుది. గేదెదైతే పడ్డ.

కొట్టం కాపలా: మా ఇంట్లో ఏదైనా ఆడదైతే పెయ్యే అంటాం. ఇప్పుడు మాట పట్టుకుని ఏం చేస్తారు?

పాత గంట: మాట కాదు, లెక్కే మారిపోయింది. 280 ఆవుకి. గేదె దాదాపు 310 రోజులు మోస్తుంది. ఇంకా మూడు వారాలుంది. ఇప్పుడు నొప్పులు తెప్పిస్తే నెలలు నిండని దూడ. గర్భద్వారం తెరుచుకోకుండా ఆ మందు పడితే గర్భసంచే చిరగొచ్చు. తొలిచూలుకి పొదుగు చాలా ముందే దిగడం మొదలుపెడుతుంది, దాన్ని నమ్మి కాపలా కాయొద్దు. తోక పక్కన గుంట పడ్డాక కాయండి. నీటి బుడ్డ కనిపించాక గంటకి కూడా పని ముందుకు సాగకపోతే డాక్టర్ని పిలవండి. కాళ్లు కనిపించగానే తాడు కట్టి లాగొద్దు, ముందు కాళ్లో వెనక కాళ్లో తేల్చుకోండి. గిట్ట పైన మొదటి కీలూ దాని పై కీలూ ఒకే వైపు వంగితే ముందు కాళ్లు. వాటి మీద మూతి కూడా చేతికి తగలాలి.

గడ్డివాము: ఈనాక జున్నుపాలు మాయ పడేదాకా ఆపకండి. మొదటి రెండు గంటల్లోనే దూడకి తాగించాలి.

కొట్టం కాపలా: యాప్‌లో ఆవు, గేదె అని పైన చిన్న గుర్తు ఉంది, ఇప్పుడు చూశా. సరే, పడుకుంటా. థాంక్స్.

నాలుగు చన్లు: వేయించినప్పుడు బరువెంతో మాత్రం చెప్పలేదు మీరు.